అతుకుల బొంత కోడ్‌ను చక్కదిద్దే రీఫ్యాక్టరింగ్

నెలనెలా ఇంటికి వచ్చే కరెంటు బిల్లు వెనుక ఉండేది చాలా చిన్న లెక్క. మొదటి కొన్ని యూనిట్లకు ఒక రేటు, ఆ తర్వాతి యూనిట్లకు కొంచెం ఎక్కువ రేటు, ఇంకా వాడితే ఇంకా ఎక్కువ. హైస్కూలు పిల్లలు కాగితం మీద చేయగలరు. అయితే ఇలాంటి లెక్కే ఒక కంప్యూటర్ ప్రోగ్రాములోకి చేరి, పది పదిహేనేళ్ల పాటు పదిమంది చేతుల మీదుగా మారుతూ పోతే, చివరికి ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని చిక్కుముడి అవుతుంది. లెక్క కష్టమై కాదు, అది రాసిన తీరు అలాంటిది.

ఒక ఊహాజనితమైన బిల్లింగ్ ప్రోగ్రామును తీసుకోండి. లెక్క తేలిగ్గా ఉండేందుకు రేట్లు కూడా ఊహించినవే. మొదటి 50 యూనిట్లకు యూనిట్‌కు 2 రూపాయలు, 51 నుంచి 100 వరకు 3 రూపాయలు, 101 నుంచి 200 వరకు 5 రూపాయలు, ఆపైన 8 రూపాయలు. ప్రోగ్రామర్ రాసే మూల పాఠాన్నే సోర్స్ కోడ్ అంటారు. దాన్ని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

యూనిట్లు 50 మించకపోతే: బిల్లు = యూనిట్లు × 2
50 దాటి 100 మించకపోతే: బిల్లు = 50 × 2 + (యూనిట్లు − 50) × 3
100 దాటి 200 మించకపోతే: బిల్లు = 50 × 2 + 50 × 3 + (యూనిట్లు − 100) × 5
200 దాటితే: బిల్లు = 50 × 2 + 50 × 3 + 100 × 5 + (యూనిట్లు − 200) × 8

ఇందులో తప్పేమీ లేదు. 240 యూనిట్లు వాడిన ఇంటికి 100 + 150 + 500 + 320, మొత్తం 1,070 రూపాయలు సరిగ్గానే వస్తుంది. కానీ మొదటి శ్లాబు రేటైన 2 ఎన్నిసార్లు కనిపిస్తోందో లెక్కపెట్టండి. నాలుగు సార్లు. కొంతకాలానికి వినియోగదారుల కోసం మొబైల్ యాప్ తయారవుతుంది. దానికీ ఇదే లెక్క కావాలి కాబట్టి ఈ నాలుగు వరుసలనూ కాపీ చేసి అక్కడ అతికిస్తారు. తప్పు రీడింగుల మీద ఫిర్యాదులు వస్తే బిల్లును సవరించే ప్రోగ్రాములోనూ అంతే. ఇప్పుడు ఆ 2 అనే అంకె పన్నెండు చోట్ల ఉంది.

రేటు 2 రూపాయల నుంచి 2.25కు పెరిగిన రోజున అసలు కథ మొదలవుతుంది. పన్నెండు చోట్లా మార్చాలి. పదకొండు చోట్ల మార్చి, మొబైల్ యాప్‌లోని నాలుగో వరుసను మరచిపోయారనుకోండి. 200 యూనిట్లు దాటిన ఇళ్లకు మాత్రమే యాప్‌లో 12 రూపాయల 50 పైసలు తక్కువ కనిపిస్తుంది, చేతికిచ్చిన కాగితం బిల్లులో సరిగ్గా ఉంటుంది. జనవరిలో ఆ ఇళ్లలో చాలావాటి వాడకం 200 దాటదు కాబట్టి ఎవరికీ తెలియదు. మే నెలలో ఏసీలు, కూలర్లు తిరగడం మొదలయ్యాక ఫిర్యాదులు వరస కడతాయి. అప్పటికి రేటు మార్చిన ప్రోగ్రామర్ వేరే పనికి వెళ్లిపోయి ఉంటాడు. తప్పు ఎక్కడుందో వెతకడం కొత్తగా వచ్చినవారి నెత్తిన పడుతుంది.

ఇలాంటి కోడ్‌ను, అది చేసే పని రవ్వంత కూడా మారకుండా, లోపలి అమరికను మాత్రమే చక్కదిద్దే పద్ధతిని రీఫ్యాక్టరింగ్ అంటారు. పాతబడిన ఇంటి గోడలను అలాగే ఉంచి లోపలి కరెంటు తీగలను మార్చడం వంటిది. స్విచ్ వేస్తే అదే దీపం వెలగాలి. బడి గణితంలోని కారణాంక విభజనను గుర్తు తెచ్చుకుంటే ఈ పేరు ఇంకా బాగా అర్థమవుతుంది. అ×క + అ×గ అన్నా, అ×(క+గ) అన్నా విలువ ఒక్కటే. కానీ రెండో రూపంలో 'అ' ఒక్కసారే ఉంది. ఉమ్మడిగా ఉన్నదాన్ని బయటికి తీసి ఒకేచోట పెట్టారు. కోడ్‌లో చేసేదీ అదే.

కోడ్ ఎందుకు పాడవుతుంది?

ఇనుము తుప్పు పట్టినట్టు కోడ్ దానంతటది పాడవదు. నిన్న రాసిన వరుస రేపు కూడా అక్షరం మారకుండా అలాగే ఉంటుంది. మారేది బయటి ప్రపంచం. కొత్త రేటు, కొత్త చట్టం, కొత్త ఫోను, కొత్త రాయితీ వస్తుంటాయి. ప్రతి మార్పుకూ గడువు దగ్గర పడుతుంటే ఎవరైనా తేలిక దారే పడతారు. ఉన్న కోడ్‌ను కాపీ చేసి, రెండు అంకెలు మార్చి, పని అయిందనిపిస్తారు. ఒక అతుకు వల్ల ఏమీ కాదు. వంద అతుకులు పడ్డాక మాత్రం అసలు బట్ట ఏదో, అతుకు ఏదో తెలియని బొంత తయారవుతుంది.

దీన్ని మొదట శాస్త్రీయంగా గమనించినవారిలో మీర్ లేమన్, లాస్లో బెలాడీ ముఖ్యులు. ఐబీఎం సంస్థ తయారుచేసిన ఓఎస్/360 అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో విడుదలకూ ఎలా పెరుగుతూ వచ్చిందో వాళ్లు పరిశీలించారు. వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉండాలి, లేకపోతే పనికిరాకుండా పోతుంది, అలా మారుతున్నప్పుడు ఎవరో ఒకరు పనిగట్టుకుని తగ్గిస్తే తప్ప దాని సంక్లిష్టత పెరుగుతూనే పోతుంది అన్నది 1974 నుంచి లేమన్ ప్రతిపాదించిన సూత్రాల సారం. ఇందులో 'పనిగట్టుకుని' అన్న మాటే కీలకం.

1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ దీన్ని అప్పుతో పోల్చాడు. ఆయన అప్పట్లో పెట్టుబడుల లెక్కలు చూసే ఒక సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాడు. చుట్టూ ఆర్థిక రంగం వాళ్లే కాబట్టి వాళ్ల భాషలోనే చెప్పాడు. పూర్తిగా కుదరని కోడ్‌ను తొందరగా విడుదల చేయడం అప్పు చేయడం లాంటిది, పని త్వరగా అవుతుంది, తర్వాత దాన్ని సరిచేసి తీర్చేస్తే మంచిదే, తీర్చకపోతే ఆ కోడ్ మీద గడిపే ప్రతి నిమిషమూ వడ్డీ కిందికి పోతుంది అన్నది ఆయన పోలిక. టెక్నికల్ డెట్ అనే ఈ మాట నేడు హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వరకు ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో వినిపిస్తుంది. అయితే అప్పు చేసినవాళ్లు ఒకరు, వడ్డీ కట్టేవాళ్లు మరొకరు కావడమే ఇక్కడి పెద్ద ఇబ్బంది. ఆ సంగతి పోలికలో అంతగా కనిపించదు.

ఒకే తెలివి, లక్ష చోట్ల

ఈ వడ్డీ ప్రపంచమంతా ఒకేసారి కట్టిన సందర్భం వై2కే. జ్ఞాపకశక్తి, అంటే మెమరీ, ఖరీదైన వస్తువుగా ఉన్న రోజుల్లో సంవత్సరాన్ని నాలుగు అంకెలతో కాకుండా చివరి రెండు అంకెలతోనే దాచేవారు. 1965 అంటే 65. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు కోబాల్ వంటి భాషల్లో రాయించుకున్న ప్రోగ్రాములన్నీ ఈ పద్ధతి మీదే నడిచాయి. 2000 సంవత్సరం వస్తే అది 00 అవుతుంది. 1965లో పుట్టిన మనిషి వయసు కోసం 00 నుంచి 65 తీసేస్తే వచ్చేది మైనస్ 65.

సరిచేయాల్సిన తప్పు చిన్నదే, రెండంకెల బదులు నాలుగంకెలు. మరి ఎందుకంత శ్రమ, అంత ఖర్చు అయ్యాయి? సంవత్సరం రెండంకెలుగా ఉంటుందన్న తెలివి ఏ ఒక్క చోటా లేదు. ప్రతి ప్రోగ్రాములో, ప్రతి ఫైలులో, తేదీలను పోల్చిన ప్రతి వరుసలో విడివిడిగా పాతుకుని ఉంది. అసలు పనిలో పెద్ద భాగం మార్చడం కాదు, వెతకడం. భారతీయ సాఫ్ట్‌వేర్ సంస్థలకు ఆ వెతుకులాటే పెద్ద పని తెచ్చిపెట్టింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు నేర్చుకుని అమెరికా విమానం ఎక్కిన తెలుగు యువత ఆ ఏళ్లలో చేసిన పనిలో ఇది ముఖ్యమైనది.

చాలా చోట్ల నాలుగంకెలకు మార్చే తీరిక లేక ఒక మధ్యేమార్గం పట్టారు. ఒక హద్దు అంకెను ఎంచుకుని, దానికంటే తక్కువ ఉంటే 2000ల్లోకి, లేదంటే 1900ల్లోకి లెక్కించడం ఆ ఉపాయం. ఈ నియమాన్ని కూడా ఒకేచోట పెట్టకుండా ప్రోగ్రాముకొకటి చొప్పున రాస్తే ఏమవుతుంది? ఒకచోట హద్దు 30, మరోచోట 50 అనుకోండి. 40 అనే సంవత్సరం మొదటి ప్రోగ్రాముకు 1940, రెండోదానికి 2040. పెన్షన్ తీసుకుంటున్న పెద్దాయన ఒక కంప్యూటర్ దృష్టిలో ఇంకా పుట్టనే లేదు!

ఇలాంటి అనుభవాల వెలుగులో చూస్తే ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో వెలువరించిన పుస్తకంలోని ఒక సూత్రం బలం అర్థమవుతుంది. ఒక వ్యవస్థలో ప్రతి తెలివికీ ఒకే ఒక్క అధికారిక స్థానం ఉండాలి అన్నది దాని సారం. వాళ్లు మాట్లాడింది తెలివి గురించి, వరుసల గురించి కాదు. ఈ తేడా ఎంత ముఖ్యమో కాస్త తర్వాత తెలుస్తుంది.

చిన్న అడుగులు

రీఫ్యాక్టరింగ్ అన్న మాట పరిశోధనల్లోకి వచ్చింది 1990ల మొదట్లో. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ జాన్సన్ పర్యవేక్షణలో విలియం ఆప్‌డైక్ 1992లో ఈ విషయం మీద డాక్టరేట్ పూర్తిచేశాడు. 1999లో మార్టిన్ ఫౌలర్ రాసిన పుస్తకం దాన్ని మామూలు ప్రోగ్రామర్ల బల్ల మీదికి తెచ్చింది. ఆ పుస్తకంలో పెద్ద సిద్ధాంతాలు తక్కువ. వంటల పుస్తకంలా, ఏ రకం కోడ్ కనిపిస్తే ఏ క్రమంలో మార్చాలో అడుగడుగునా చెబుతుంది.

అదే తీరులో కరెంటు బిల్లు కోడ్‌ను చక్కదిద్దితే ఎలా ఉంటుందో చూడవచ్చు. ముందు చేయాల్సింది కోడ్‌ను ముట్టుకోవడం కాదు. పాత ప్రోగ్రాము ఇప్పుడేం చెబుతోందో రాసిపెట్టుకోవాలి. 0, 1, 50, 51, 100, 101, 200, 201, 240 యూనిట్లు ఇచ్చి చూస్తే వరుసగా 0, 2, 100, 103, 250, 255, 750, 758, 1,070 రూపాయలు వస్తాయి. హద్దుల దగ్గరి అంకెలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. తప్పులు ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఈ తొమ్మిది జవాబులను కంప్యూటరే సరిచూసేలా ఒక పరీక్ష రాసుకోవాలి. ఇకపై ప్రతి చిన్న మార్పు తర్వాతా దాన్ని నడపాలి.

మొదటి అడుగు, అంకెలకు పేర్లు పెట్టడం. 2 అని ఉన్న చోట 'మొదటి శ్లాబు రేటు' అని రాయాలి. పరీక్ష నడపాలి. రెండో అడుగు, నాలుగు వరుసలనూ కలిపి 'యూనిట్ల చార్జీ' అనే ఒక ఫంక్షన్‌గా విడదీయడం. ఫంక్షన్ అంటే పేరున్న చిన్న పనిముట్టు, యూనిట్లు ఇస్తే రూపాయలు తిరిగి ఇస్తుంది. మళ్లీ పరీక్ష. మూడో అడుగులో యాప్, సవరణ ప్రోగ్రాము తమ సొంత నకళ్లను వదిలేసి ఈ ఫంక్షన్‌నే పిలవాలి.

ఇక్కడే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. ఒకప్పుడు అచ్చుగుద్దినట్టున్న మూడు నకళ్లు ఇప్పుడు ఒకేలా లేవు. రేటు 2.25 అయ్యాక పైసలు వచ్చాయి. 35 యూనిట్లకు 78 రూపాయల 75 పైసలు. బిల్లు ముద్రించే ప్రోగ్రాము దాన్ని దగ్గరి రూపాయికి సర్ది 79 చేస్తోంది, సవరణ ప్రోగ్రాము పైసలను కత్తిరించి 78 చేస్తోంది. ఇది పొరపాటా, ఎవరో ఆలోచించి చేసిన ఏర్పాటా? కోడ్‌ను చూస్తే తెలియదు. రీఫ్యాక్టరింగ్ చేస్తున్న ప్రోగ్రామర్ దీన్ని పనిలో పనిగా సరిచేసేస్తే నియమం తప్పినట్టే, ఎందుకంటే ప్రోగ్రాము చేసే పని మారిపోతుంది. ఆ తేడాను అలాగే నిలిపి, విడిగా అడిగి తేల్చుకోవాలి. కెంట్ బెక్ దీన్నే రెండు టోపీలతో పోల్చాడు. కొత్త పని చేర్చేటప్పుడు ఒక టోపీ, చక్కదిద్దేటప్పుడు మరొకటి, రెండూ ఒకేసారి పెట్టుకోకూడదు.

నాలుగో అడుగులో రేట్లన్నిటినీ ఒక పట్టికలోకి తెస్తారు:

శ్లాబులు = (50 వరకు, 2.25), (100 వరకు, 3), (200 వరకు, 5), (హద్దు లేదు, 8)
బిల్లు = 0, కింది హద్దు = 0
ప్రతి శ్లాబుకూ:
యూనిట్లు కింది హద్దు దాటితే, (యూనిట్లు, పై హద్దు — వీటిలో చిన్నది − కింది హద్దు) × రేటు బిల్లుకు కలుపు
కింది హద్దు = పై హద్దు

ఇప్పుడు రేటు ఒక్క చోటే ఉంది. మొదటి శ్లాబు రేటు మారితే ఒక అంకె మార్చితే చాలు. కొత్త శ్లాబు పెడితే పట్టికలో ఒక జత చేరుతుంది, కింది లెక్కను ఎవరూ తాకనక్కర్లేదు.

సంక్లిష్టతను కొలవవచ్చా?

1976లో థామస్ మెక్‌కేబ్ ఒక కొలత సూచించాడు. కోడ్‌లో దారి చీలే చోట్లను లెక్కపెట్టి ఒకటి కలిపితే వచ్చే అంకె దాని సంక్లిష్టత. సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ అనే ఈ అంకె, ఆ కోడ్‌లో స్వతంత్రమైన దారులు ఎన్ని ఉన్నాయో, అంటే పూర్తిగా పరీక్షించాలంటే కనీసం ఎన్ని దారులు నడిచి చూడాలో చెబుతుంది. ఒక ఫంక్షన్‌కు ఇది 10 దాటకుండా చూసుకోవడం మంచిదని ఆయన సలహా. పాత బిల్లు కోడ్‌లో చీలికలు మూడు, కాబట్టి సంక్లిష్టత 4. పట్టిక రూపంలో ఒక ఆవృతి, ఒక షరతు మాత్రమే, కాబట్టి 3. తేడా స్వల్పమే అనిపించవచ్చు. కానీ శ్లాబులు పది అయితే పాత పద్ధతిలో అది 10కి చేరుతుంది, కొత్త పద్ధతిలో 3 దగ్గరే నిలుస్తుంది. నకళ్లు మూడున్నాయన్నది కూడా మరవకూడదు. ఈ కొలతకు పరిమితులు లేకపోలేదు. 'క', 'గ', 'చ' అని అర్థం లేని పేర్లు పెట్టిన కోడ్‌కూ, చక్కని పేర్లున్న కోడ్‌కూ అది ఒకే అంకె ఇస్తుంది. చదివేవాళ్ల అవస్థ అంకెలకు అందదు.

పరీక్ష లేకుండా కదిలిస్తే

పరీక్షలు లేకుండా కోడ్‌ను అటూ ఇటూ జరపడం ఎంత ప్రమాదమో 2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్‌లో తేలింది. నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ దగ్గర ఆర్డర్లు పంపే ప్రోగ్రాములో 'పవర్ పెగ్' అనే పాత భాగం ఒకటుండేది. 2003లోనే దాని వాడకం ఆపేశారు, కోడ్‌ను మాత్రం తీసేయలేదు. ఒక పెద్ద ఆర్డరుకు సరిపడా షేర్లు కొన్నాక ఆగమని చెప్పే లెక్క అందులో ఉండేది. 2005లో ఆ లెక్కను ప్రోగ్రాములో మరో చోటికి జరిపారు. ఎలాగూ వాడని భాగమే కదా, జరిపిన తర్వాత పవర్ పెగ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో మళ్లీ పరీక్షించలేదు.

ఏడేళ్ల తర్వాత కొత్త సదుపాయం కోసం, ఒకప్పుడు పవర్ పెగ్‌ను నడిపిన మీటనే మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. ఎనిమిదో దానిలో మీట నొక్కగానే నిద్రపోతున్న పవర్ పెగ్ లేచింది. ఆగమని చెప్పే లెక్క దాని దగ్గర లేదు, ఆర్డర్లు పంపుతూనే పోయింది. తప్పు వెతికే తొందరలో సిబ్బంది మిగతా ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో గోరుచుట్టు మీద రోకటిపోటులా అక్కడ కూడా పాత కోడ్ నడిచింది. 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి. సంస్థకు పోయింది 46 కోట్ల డాలర్లకు పైనే. వాడని కోడ్‌ను తొలగించడం రీఫ్యాక్టరింగ్‌లో అన్నిటికంటే తేలికైన పని, ఎవరికీ కనిపించని పని కూడా. అందుకే అది వాయిదా పడుతూ ఉంటుంది.

ఇదంతా చూసి పాత కోడ్‌ను మొత్తం పారేసి మొదటి నుంచి రాస్తే పోలేదా అనిపించడం సహజం. నెట్‌స్కేప్ సంస్థ అదే చేసింది. 1997లో వచ్చిన నాలుగో వెర్షన్ బ్రౌజర్ తర్వాత కోడ్‌ను కొత్తగా రాయడానికి పూనుకుంది. ఐదో వెర్షన్ రానే లేదు, ఆరోది 2000 నవంబరులో వచ్చింది. ఆలోగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్‌ను చేజిక్కించుకుంది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, అయినా ఆ మూడేళ్ల విరామం చేసిన మేలు మాత్రం ఏమీ లేదు.

రెండు 21లు

ఒకేలా కనిపించిన ప్రతిదాన్నీ కలిపేయడం కూడా తప్పే. 1980ల మధ్యలో భారతదేశంలో ఓటు హక్కు వయసు 21 ఏళ్లు. పురుషుల కనీస వివాహ వయసు కూడా 21. అప్పట్లో ఒక ప్రోగ్రామర్ ఈ రెండు అంకెలనూ చూసి, నకలు ఎందుకని 'అర్హత వయసు = 21' అని ఒకేచోట పెట్టి ఉంటే అది చాలా చక్కగా కనిపించేది. రాజ్యాంగ 61వ సవరణతో 1989లో ఓటు వయసు 18కి తగ్గింది. వివాహ వయసు మారలేదు. ఆ ఒక్క అంకె మార్చిన మరుక్షణం 18 ఏళ్ల కుర్రవాడు పెళ్లికి అర్హుడైపోయేవాడు. అవి ఒకే అంకె వేసుకున్న రెండు వేర్వేరు చట్టాలు. మారే కారణం ఒకటైతేనే అది నకలు, కారణాలు వేరైతే కేవలం పోలిక.

ఈ తేడా వెంటనే తెలియదు కాబట్టే డాన్ రాబర్ట్స్ చెప్పిన ఒక మోటు లెక్కను చాలామంది పాటిస్తారు. మొదటిసారి రాసేయండి, రెండోసారి అదే రాయాల్సి వస్తే మనసు చివుక్కుమన్నా రాసేయండి, మూడోసారి వచ్చినప్పుడు కలపండి. మూడు ఉదాహరణలు ఎదురుగా ఉంటే ఏది ఉమ్మడో, ఏది కాకతాళీయమో కాస్త కనిపిస్తుంది. తొందరపడి తప్పుగా కలిపినదాన్ని విడదీయడం నకళ్లను భరించడం కంటే కష్టం.

ఇదే రాబర్ట్స్, జాన్ బ్రాంట్‌తో కలిసి 1990లలో స్మాల్‌టాక్ భాష కోసం రీఫ్యాక్టరింగ్ బ్రౌజర్ అనే పనిముట్టును తయారుచేశాడు. నేడు ఎక్లిప్స్, ఇంటెలిజే వంటి ఎడిటర్లలో ఆ సౌకర్యాలు మామూలైపోయాయి. ఒక పేరు మార్చమంటే వేల వరుసల్లో, అదే పేరున్న వేరే వస్తువులను తాకకుండా, క్షణంలో మారుస్తాయి. నాలుగు వరుసలను ఎంచి ఫంక్షన్ చేయమంటే చేస్తాయి. పోలికలున్న కోడ్ ముక్కలను వెతికి చూపే పనిముట్లు కూడా ఉన్నాయి. కానీ రెండు 21లు ఒకటా, వేరా అన్నది వాటికి తెలియదు. 78 రూపాయల 75 పైసలను 79 చేయాలా, 78 చేయాలా అన్నదీ తెలియదు. ఆ జవాబు కోడ్‌లో ఉండదు, విద్యుత్ నియంత్రణ మండలి ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వులో ఎక్కడో ఉంటుంది. ప్రోగ్రామర్ కుర్చీలోంచి లేచి, బిల్లింగ్ విభాగానికి వెళ్లి, ఆ కాగితం తీయించి చదవాలి.